పంటితో విన్న మోటారు

గురువారం గృహప్రవేశం.
మంగళవారం మధ్యాహ్నం
టేకు తలుపు మీద మూడో లత మెలిక తిరిగే చోట
రూటర్ గొంతు మార్చింది.
గుర్రుమని, నీలంగా ఒకసారి ఉమ్మి
ఆగిపోయింది.
ఆగేముందు బిట్టు జారి
గాడిలో గాడి తవ్వింది, అర అంగుళం.

ముందు ప్లగ్గు మార్చాను.
తర్వాత పక్కింటి బోర్డులో పెట్టి చూశాను.
తర్వాత ఒకటి కొట్టాను.
అందరూ కొడతారు, ఎవరూ చెప్పరు.
ఆర్మేచర్ పోయిందన్నాడు ఫోనులో మా తోడల్లుడు,
రెండువేల ఆరొందలు, అదీ శనివారానికి.
చూడకుండానే చావు కబురు చెప్పేవాళ్లకి
వడ్రంగంలోనూ కొదవ లేదు.

తువ్వాల్లో చుట్టి, టీవీయస్ మీద కాళ్ల సందున పెట్టుకుని
సతివాడ నుంచి నెల్లిమర్ల వచ్చాను.
దారంతా కాలిన వార్నీషు కంపు.

మిల్లుకి ఎదురు సందులో
అసిరయ్య కొట్టుకి బోర్డు లేదు.
ముప్పయ్యొక్క ఏళ్లు మగ్గాలకి నూనె పోసి
రెండు చెవులూ అక్కడే ఒప్పజెప్పి వచ్చాడు.

నోరు తెరిచి కథ మొదలెట్టబోయాను.
చెయ్యి అడ్డం పెట్టాడు.
"నీ మాటొద్దు బావు. దాన్ని సెప్పనీ."

సీరీస్ బల్బు తగిలించి
తీగని మెడ దగ్గర అటూ ఇటూ వంచాడు.
బల్బు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది.
నా వంక చూశాడు.
రోజూ పని దిగాక
ఆ తీగని మెషీను పీకకి బిగించి చుట్టేది నేనే.
లోపల రాగి తెగిపోయినా
పైన రబ్బరు ఏమీ ఎరగనట్టు నిగనిగలాడుతోంది.

"ఇదొకటి. ఇంకా ఉంది."

కార్బన్లు తీశాడు.
ఒకటి గోరంత,
రెండోది గోట్లో మట్టంత.
ఆర్మేచర్ మెడ చుట్టూ నల్లటి పూత.
జీరో పేపరు చింపి, పట్టి, మెల్లగా తిప్పాడు.
రాగి పట్టీలు ఒక్కొక్కటే
చింతపండుతో తోమిన చెంబులా బయటపడ్డాయి.
"కాల్లేదు. మసి పట్టీసింది.
కాలడం ఏరు, మసి ఏరు."

స్విచ్చు విప్పితే గుప్పెడు టేకు పొట్టు.
ఊదలేదు. పెయింటు కుంచెతో దువ్వి
కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చాడు.
ఎందుకో అర్థం కాలేదు, జేబులో వేసుకున్నాను.

అన్నీ బిగించి, నడిపించి,
స్క్రూడ్రైవరు మొన బేరింగు గూటికి ఆనించి
పిడి పళ్ల మధ్య కరిచి
కళ్లు మూసుకున్నాడు.
నలభై మగ్గాల మోతలో ఏ మగ్గం ఏడుస్తోందో
ఇలాగే పట్టేవాడట.
నా చెవులకి శుభ్రంగానే తిరుగుతోంది.
ఆయన తల అడ్డంగా ఊపాడు.
"కింద బేరింగు. ఇసక నముల్తంది."

పాత మిక్సీ డబ్బాలో వెతికి కొత్తది తీసి
లోపలి రింగు మీదే దెబ్బ పడేలా
గొట్టం ఆనించి దిగ్గొట్టాడు.
బయటి రింగు మీద కొడితే
కొత్తదీ ఆ పూటే చస్తుందట.
బిట్టు చేతిలోకి తీసుకుని
మొదటిసారి కోప్పడ్డాడు:
"అడుగంటా దూర్చి బిగించినావేటి?
కందిగింజంత పైకి లాగి బిగించాల.
అడుగు తగిల్తే పట్టు ఉండదురా."

మూడొందల ఎనభై.
ఆయన కూర్చున్న బల్లకి ఒక కాలు కుంటి.
వచ్చినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను,
నేనూ చెవిటివాణ్నేం కాదు.
లేవమని సైగ చేసి, చెక్కపేడు చెక్కి, సీల కొట్టి
కూర్చోబెట్టాను.
అటూ ఇటూ ఊగి చూశాడు.
మూడొందలే తీసుకున్నాడు.

రాత్రి పదకొండుకి
మూడో లత మెలిక తిరిగింది.
ఎవరూ చూడకుండా నేనూ స్క్రూడ్రైవరు కరిచాను.
నా పుచ్చుపన్ను తప్ప ఏమీ వినబడలేదు.

గాడిలో గాడికి ఏం పూయాలా అనుకుంటూ
బీడీ కోసం జేబు తడిమితే
పొట్లం తగిలింది.
అదే టేకు, అదే రంగు.
జిగురు కలిపి నింపాను.
ఇంటివాళ్లకి తెలీదు. నా వేలికి తెలుస్తుంది.

తీగని పీకకి చుట్టలేదు.
వదులుగా పెద్ద సున్నా చుట్టి
మేకుకి తగిలించాను.